చప్పుడు విని చెబుతా

మీ సైకిలు కటకటమంటోందా? పానా కింద పెట్టండి. ముందు చెవి పెట్టండి. పెడలు ఒక చుట్టు తిరిగేసరికి ఒక్కసారి చప్పుడైతే తప్పు క్రాంకు వైపుంది. తొక్కడం ఆపి ఊరికే దొర్లనిచ్చినా వస్తుంటే చక్రంలో ఉంది. సీటు మీంచి లేచి తొక్కినప్పుడు ఆగిపోయిందంటే సీటు కింద గొట్టంలో ఉంది.

ఈ మూడో ముక్క తెలియడానికి నాకు మూడు రోజులు, ఒక బేరింగు సెట్టు ఖర్చయ్యాయి. ‘క్రాంకు లోపల బేరింగు పోయింది’ అని ఒక కస్టమరుకు ధీమాగా చెప్పి, విప్పి, కొత్తది వేసిచ్చాను. సాయంత్రానికి మళ్లీ వచ్చాడు, చప్పుడుతో సహా. చివరికి చూస్తే సీటు గొట్టంలో ఇసుక. తుడిచి గ్రీజు రాస్తే పోయింది. బేరింగు డబ్బులు నేనే పెట్టుకున్నాను.

నేను పని నేర్చుకున్నది హనుమకొండలో, ఒక ఉస్తాదు దగ్గర. అప్పుడు నాకు పన్నెండేళ్లు. అట్లాస్, హీరో బండ్లు, గంట కిరాయి సైకిళ్లు, కైంచి తొక్కే పిల్లలు. మొదటి ఏడాదంతా గాలి కొట్టడం, ట్యూబును తొట్టిలో ముంచి బుడగలు వెతకడం. రెండో ఏడు పెడళ్లు విప్పమన్నారు. కుడిది వచ్చింది. ఎడమది రాలేదు. పానా మీదెక్కి నిలబడ్డాను. మర అరిగి క్రాంకు పాడైంది. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుందండీ, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. అలా లేకపోతే తొక్కుతుండగానే వదులై రాలిపోతుంది. ఉస్తాదు కొట్టలేదు. ఆ క్రాంకుకు తాడు కట్టి గుమ్మానికి వేలాడదీశారు. “రోజూ దీన్ని చూస్కుంట లోపలికి రా బేటా” అన్నారు. ఎత్తు పెరిగాక అది నా తలకు తగిలేది కూడా.

రిమ్ము వంకర తీసే స్టాండు ఆయన దగ్గర లేదు. సైకిలు తలకిందులు చేసి, ఫోర్కుకు సుద్దముక్క ఆనించి చక్రం తిప్పేవారు. సుద్ద అంటిన చోట రిమ్ము ఆ వైపుకు వచ్చినట్టు. అక్కడ ఎదుటి వైపు పుల్ల పావు చుట్టు బిగించి, ఈ వైపుది పావు చుట్టు వదలాలి. ఒకేసారి అర చుట్టు తిప్పేవాడికి సాయంత్రం దాకా అదే పని. తర్వాత పుల్లలను వేలితో మీటి చూడాలి, ఒక వైపువన్నీ ఒకే తీరుగా పలకాలి. పాత బండికి ముందు 32, వెనక 40 పుల్లలు. వెనక చక్రం మొత్తం నేనొక్కణ్నే అల్లిన రోజు ఉస్తాదు దాన్ని తిప్పి, సుద్ద ఆనించి చూసి, ఏమీ అనలేదు. తన సైకిలుకే బిగించుకుని ఇంటికెళ్లారు. దారిలో ఏమవుతుందోనని ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

ఇప్పుడు నా షాపు నార్సింగిలో. 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు తెరిచాక నా గిరాకీయే మారిపోయింది. పాలవాళ్లు, పేపరు కుర్రాళ్లు పోయి సరదాకు తొక్కేవాళ్లు వచ్చారు. వాళ్ల బండ్ల ముందు నేను మళ్లీ ఒకటో తరగతి. మొదటిసారి ప్రెస్టా వాల్వు చూసినప్పుడు దాని కొసన ఉన్న బుల్లి నట్టు వదులు చేయాలని తెలియక, పంపు కొట్టీ కొట్టీ వాల్వు పుల్లనే వంచేశాను. ఇంకోసారి కార్బన్ సీటు గొట్టాన్ని మా అట్లాస్ లెక్కనే చేతి బలంతో బిగించాను. చిటుక్కుమంది. ఆ చప్పుడు నాకిప్పటికీ చెవిలో ఉంది. డబ్బులు కట్టాను. ఆ బండి యజమాని సాఫ్ట్‌వేర్ కుర్రాడు, నా కొడుకు వయసు. కోప్పడకుండా మర్నాడు టార్క్ రెంచి తెచ్చి, “అన్నా, బోల్టు పక్కనే 5 అని రాసుంది, అంతే బిగించాలి” అని నేర్పాడు. వాడు నా రెండో ఉస్తాదు.

పంక్చరు మీరే వేసుకోవాలి, అడవిలో నేనుండను. టైరు ఎక్కించేటప్పుడు దాని మీది కంపెనీ పేరు సరిగ్గా వాల్వు దగ్గరకు వచ్చేలా పెట్టండి. ట్యూబులో చిల్లు ఎక్కడుందో చూస్తే టైరులో ముల్లు ఎక్కడుందో తెలిసిపోతుంది. తుమ్మముల్లో, లారీ టైరు తీగో తీయకుండా కొత్త ట్యూబు వేస్తే అదీ పోతుంది. నేను ఒకే బండికి వరసగా మూడు వేశాను లెండి. పక్కపక్కనే రెండు చిల్లులుంటే ముల్లు కోసం వెతక్కండి, గాలి తక్కువై గుంతలో ట్యూబు నలిగింది. సొల్యూషన్ రాశాక ఆరనివ్వండి. తడి మీద అతికిస్తే నిలవదు.

చైను సంగతి స్కూలు స్కేలుతో తేలిపోతుంది. పిన్నుకూ పిన్నుకూ మధ్య అర అంగుళం లెక్కన 24 లింకులు, అంటే పన్నెండు జతలు, సరిగ్గా పన్నెండు అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు సాగిందంటే మార్చేయండి. పిసినారితనం చేస్తే వెనక పళ్లన్నీ తినేస్తుంది. నూనె వేశాక పైపైన తుడవాలి, లేకపోతే దుమ్మంతా దానికే. డిస్కు బ్రేకు కీచుమంటోందని ఒకాయన దాని మీద నూనె కొట్టాడు. కీచు ఆగింది. బ్రేకూ ఆగింది.

యాభై ఏళ్లు దగ్గర పడ్డాక ఈ సైకిల్ ట్రాకు పిల్లలే నన్ను 200 కిలోమీటర్ల బీఆర్ఎం అనే దూరపు సైకిలు యాత్రకు లాక్కెళ్లారు. పదమూడున్నర గంటల్లో ముగించాలి. గండిపేట గాలి, చీకట్లో ఎర్ర లైట్ల వరస, దారిలో ఇడ్లీ, బాగుందనిపించింది. ఎండెక్కాక నడుము, అరచేతులు, కుక్కలు. కుక్క వెంటపడితే దిగి, సైకిలును మధ్యలో అడ్డం పెట్టి నిలబడండి, చాలావరకు వదిలేస్తుంది. నూట నలభై దాటాక ఒక అబ్బాయి గేరు వెళ్లి పుల్లల్లో పడి విరిగింది. కారు డిక్కీలో బండిని కుడి వైపు పడుకోబెట్టి తెచ్చాడట, గేరు తగిలించే హ్యాంగరు వంగింది. చైను కత్తిరించి వెనక ఒకే పళ్లచక్రం మీద బిగించి పంపాను. ఇరవై గేర్ల బండి మా ఉస్తాదు అట్లాస్ అయిపోయింది. ఇద్దరం గడువు లోపలే చేరాం.

ఆదివారం నాలుగున్నరకే షట్టరు తీస్తాను. గేరు, వంకర, చప్పుడు, ఏదైనా తెండి. గాలి మాత్రం ఇంట్లోనే కొట్టుకుని రండి.