గుడారి పెరట్లో ఆకునీళ్లు

పర్లాకిమిడి అంటే గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకొస్తారు. రాయగడ అంటే రైలు స్టేషను గుర్తుకొస్తుంది. గుడారి అంటే మాత్రం మనవాళ్లు కూడా “అదెక్కడండీ?” అని అడుగుతారు. ఒడిశాలోని రాయగడ జిల్లాలో, గుణుపూరుకు ఎగువన, వంశధార ఒడ్డున కొండల నడుమ ఉన్న చిన్న పట్నం అది. ఆ ఏరే కిందికి దిగి శ్రీకాకుళం జిల్లా పొలాలు తడిపి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం ఏజెన్సీలో ఉండేది. ఆ తరువాత కోరాపుట్ జిల్లాలోకి, 1992 అక్టోబరు 2 నుంచి రాయగడ జిల్లాలోకి వచ్చింది. కాగితాల మీద గీతలు మారాయి గాని, అక్కడి తెలుగువాళ్లు ఇల్లూ వాకిలీ విడిచి ఎక్కడికీ పోలేదు. బజారులో ఒడియా, ఇంట్లో తెలుగు, సంతరోజున కొండ దిగి వచ్చే సవరల మాట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెవిన పడే భాషలు మూడు.

మా దొడ్డమ్మ 1964లో ఆ ఊరికి కోడలిగా వెళ్లింది. నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపూరు దాకా అప్పట్లో చిన్న రైలు నడిచేది. పర్లాకిమిడి దాకా 1900లో, గుణుపూరు దాకా 1931లో వేసిన లైను అది. పెళ్లివారు ఆ రైలు దిగి, గుణుపూరు నుంచి బస్సులో గుడారి చేరారట. 2004లో చిన్న రైలు ఆపేశారు. 2011 నుంచి అదే దారిలో పెద్ద రైలు నడుస్తోంది. కిందటి ఏడాది ఏప్రిల్లో మా అమ్మాయిని వెంటబెట్టుకుని నేను వెళ్లింది ఆ పెద్ద రైల్లోనే. మేముండేది భిలాయిలో. అమ్మాయికి పదమూడేళ్లు. తెలుగు బాగానే మాట్లాడుతుంది గాని, ఆకులన్నిటినీ కలిపి ‘పత్తా’ అనేస్తుంది.

మేం వెళ్లేసరికి ఒడియావారి పణా సంక్రాంతి దగ్గరపడింది. ఏప్రిల్ నడిమధ్య వచ్చే ఆ పండుగ వాళ్లకు సంవత్సరాది. మారేడుపండు గుజ్జు, బెల్లం కలిపిన పానకం పంచుతారు. తులసికోట పైన చిల్లు పెట్టిన చిన్న కుండ వేలాడదీస్తారు. వైశాఖమంతా అందులోంచి బొట్టుబొట్టుగా నీళ్లు తులసి మీద పడుతూంటాయి. మొక్కకు దాహం తీర్చాకే మనిషి దాహం సంగతి చూస్తారన్నమాట. దొడ్డమ్మ కూడా తన తులసికోటకు కుండ కట్టింది. “ఇన్నేళ్లు ఈ ఊరి నీళ్లు తాగేను, ఈ ఊరి పండగ చెయ్యకపోతే ఎలాగే?” అంది.

ఇక పెరటి సంగతి. ఇల్లు చిన్నదే గాని పెరడు పొడుగు. నూతి గట్టు పక్కన వాడిన నీళ్లు పారే కాలవ. ఆ తడి వెంబడి పుదీనా, పులిచింత, సరస్వతి ఆకు. గోడవారన నిమ్మగడ్డి దుబ్బులు. పాత బకెట్టులో వామాకు. కంచె మీద నీలం శంఖుపుష్పం. ఒక్క తులసినే తప్ప దేన్నీ దొడ్డమ్మ పూజగా పెంచలేదు. కొన్ని నాటింది, కొన్ని వాటంతటవే మొలిస్తే పీకకుండా ఊరుకుంది. ఎండలో తిరిగొచ్చినవాళ్లకు ఆ ఆకులతోనే చల్లటి పానీయం ఒకటి చేసి ఇస్తుంది. దానికి ఆవిడ పెట్టుకున్న పేరు ‘ఆకునీళ్లు’. మా అమ్మాయి ఒక గుక్క తాగి, “అమ్మమ్మా, ఇది ఐస్ టీ!” అంది. “టీ ఆకు లేకుండా టీ ఏటే?” అని దొడ్డమ్మ నవ్వింది.

ఆవిడ అన్నదీ నిజమే. టీ అనేది ఒకే ఒక మొక్క ఆకు. మిగిలినవన్నీ వేడినీళ్లలో సారం దింపుకున్న ఆకుల నీళ్లే. అవి లోకమంతా ఉన్నాయి. మన ఎర్రగోంగూర జాతి కాయలను అంటిపెట్టుకుని ఉండే కండగల ఎర్రటి రేకులను ఎండబెట్టి ఈజిప్టులో, సూడానులో కర్కడే అని చేసుకుంటారు. సెనెగల్లో దాన్నే బిస్సాప్ అంటారు. జమైకాలో సొరెల్ అనే పేరుతో క్రిస్మస్‌కు తాగుతారు. గోంగూర అంటే మనకు పచ్చడి, పప్పు. వాళ్లకు చల్లటి ఎర్రటి షర్బతు.

ఐసు సంగతికొస్తే అదొక సరదా కథ. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి ఓడలో మంచుగడ్డలు కలకత్తా చేరాయి. ఆ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ మద్రాసు సముద్రపుటొడ్డున 1842లో మంచు నిలవచేసే భవనం కట్టించాడు. ఆ ఐస్ హౌసులోనే తరువాత 1897లో వివేకానందులు బస చేశారు. అందుకే ఇప్పుడది వివేకానంద ఇల్లం. మద్రాసు దొరల గ్లాసుల్లోకి సముద్రాలు దాటి మంచు వచ్చిన రోజుల్లో అదే ప్రెసిడెన్సీలోని గుడారికి చల్లదనమంటే మట్టికుండే. కుండ ఒంటికి చెమట పట్టినట్టు నీరు పైకి ఊరి, ఆరిపోతూ లోపలి నీటి వేడిని లాక్కుంటుంది. దొడ్డమ్మ ఇంట్లో ఇప్పుడు ఫ్రిజ్ ఉంది. అయినా ఆకునీళ్లు ముందు కుండలో చల్లారాలి, ఆ తరువాతే ఐసు.

చేసే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. నలుగురికి సరిపోతుంది.

ఒక లీటరు నీళ్లు బాగా మరగనిచ్చి పొయ్యి ఆపెయ్యాలి. నిమ్మగడ్డి ఆకులు ఐదారు ముడివేసి వెయ్యాలి. గుప్పెడు పుదీనా, పదిహేను తులసి ఆకులు, రెండే రెండు వామాకులు చిదిమి వెయ్యాలి. వెంటనే మూత పెట్టాలి. మూత మాట మరవకండి. తులసిలో లవంగం వాసన, నిమ్మగడ్డిలో నిమ్మ వాసన ఉన్నవి తేలిగ్గా ఎగిరిపోయే నూనెల్లో. మూత లేకపోతే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, గ్లాసులో మాత్రం ఏమీ మిగలదు. పది నిమిషాలు చాలు. ఎక్కువసేపు ఉంచితే పుదీనా నల్లబడి చేదెక్కుతుంది. వడగట్టి, వేడి మీదే మూడు నాలుగు చెంచాల బెల్లం తురుము కరిగించాలి. చల్లారాక ఒక నిమ్మకాయ పిండి, ఐసు వేసుకోవాలి. ఐసు కరిగితే రుచి పలచబడుతుంది కాబట్టి ఆకులు ఒక పిడికెడు ఎక్కువ వేసినా ఫరవాలేదు. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా తాగెయ్యాలి.

పిల్లల సరదాకి మరొకటి. అయిదారు శంఖుపుష్పాలు వేడినీళ్లలో వేస్తే నీళ్లు నీలంగా అవుతాయి. అందులో నిమ్మరసం పిండగానే ఊదారంగుకు తిరుగుతాయి. పువ్వులోని రంగు పులుపు తగిలితే మారిపోతుంది, అంతే. మా అమ్మాయి ఒక్క మధ్యాహ్నంలో మూడుసార్లు చేసింది. నాలుగోసారి దొడ్డమ్మ నిమ్మకాయలు దాచేసింది.

ఇదంతా సులువైన భాగం. కష్టమైనది ఆకు కొయ్యడం. తెల్లవారుజామున దొడ్డమ్మ వెనకాల తిరిగితే నాకు తెలిసొచ్చింది. ఆవిడ ముందు ఆకును చూస్తుంది, తిప్పి వెనక వైపు చూస్తుంది, నలిపి వాసన చూస్తుంది, పేరు పైకి చెబుతుంది. ఆ తరువాతే తుంచుతుంది. “పేరు నోటికి రాకపోతే చెయ్యి ముందుకెళ్లకూడదు,” అని మా అమ్మాయికి మొదటి పాఠం. ఎందుకో కూడా చెప్పింది. అదే గోడవారన పచ్చగన్నేరు ఉంది, అవతల దిబ్బ మీద ఉమ్మెత్త ఉంది. రెండూ విషాలే. పెరట్లో మొలిచిందల్లా మన కోసం మొలిచింది కాదు.

రెండోరోజు కంచె మీదికి పాకిన తీగ ఒకటి చూపించి, “ఇది తిప్పతీగేనా అమ్మమ్మా?” అని అడిగింది అమ్మాయి. హృదయాకారపు ఆకులు, చూడ్డానికి అలాగే ఉంది. దొడ్డమ్మ కళ్లజోడు సర్దుకుని ఆకు తిప్పింది, కాడ గిల్లింది, వాసన చూసింది. “ఇది నేనెరగను,” అంది. అరవై ఏళ్లు ఆ పెరట్లో తిరిగిన మనిషి ఆ మాట అనడానికి క్షణం కూడా తడుముకోలేదు. మర్నాడు సంతకు వచ్చిన సవర ఆవిడ విస్తరాకులు ఇవ్వడానికి ఆగితే ఆ తీగ చూపించి ఒడియాలో అడిగింది. ఆవిడ ఆకు నలిపి, తల అడ్డంగా ఊపి, పశువులు కూడా ముట్టవని చెప్పింది. సంగతి అక్కడితో ముగిసింది. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్న ప్రశ్నే రాలేదు. కొండ మీద పెరిగిన మనిషికి కొండ మీది తీగ తెలుస్తుంది, అందుకని అడిగింది.

గిడుగువారు చేసింది ఇంకా పెద్ద ఎత్తున ఇదే కదా అనిపించింది నాకు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకున్నారు. 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పొరుగువాడి మాటను కూడా అంత శ్రద్ధగా చెవినిడిన మనిషి అని పిల్లలకు చెప్పడం మాత్రం మరిచిపోతూంటాం.

మా అమ్మాయి ఒక నోటుబుక్కులో గళ్లు గీసింది. తెలుగు పేరు ఒక గడిలో, ఒడియా పేరు ఒక గడిలో. మనం సరస్వతి ఆకు అనేది వాళ్లకు థాల్‌కుడి. మన పులిచింత వాళ్ల అంబిలిటి. తులసి, మందార ఇద్దరికీ ఒక్కటే. మూడో గడి సవర పేర్లకని విడిచిపెట్టింది. ఆ విస్తరాకుల ఆవిడ రెండు పేర్లు చెప్పింది. అమ్మాయి వాటిని తెలుగు అక్షరాల్లో రాసుకుని తిరిగి చదివితే ఆవిడ పడీపడీ నవ్వింది. ఎక్కడో పలుకు తప్పిందన్నమాట. మళ్లీ చెప్పించుకుని దిద్దుకుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇది దాహానికి తాగేది, మందు కాదు. పులిచింతలో ఆక్జాలిక్ ఆమ్లం ఉంటుంది. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు దాని జోలికి పోవద్దు. గర్భిణులు, రక్తం పలచబడే మందులు గాని షుగరు మందులు గాని వాడేవాళ్లు ఇలాంటి ఆకులు రోజూ తాగే ముందు డాక్టరుగారిని అడగాలి. రోడ్డుపక్కన, మందు చల్లిన పార్కుల్లో మొలిచినవి అసలు కొయ్యొద్దు. మనలో చాలామంది ఫ్లాట్లలో ఉంటున్నాం కాబట్టి నాలుగు కుండీలు చాలు. పుదీనా, తులసి, నిమ్మగడ్డి, వామాకు. కొమ్మ గుచ్చితే బతికేవి కొన్ని, పిలక పాతితే దుబ్బు కట్టేవి కొన్ని. ఏవీ గారాబం కోరవు.

దొడ్డమ్మ పెరటికి మాత్రం ఎక్కువ రోజులు లేవు. మా అన్నయ్య భువనేశ్వర్లో ఉద్యోగం. తల్లి ఒంటరిగా ఉంటోందని అతని బెంగ, అందులో తప్పు లేదు. వచ్చే ఏడు ఆవిణ్ణి తన దగ్గరికి తీసుకెళతాడు. ఇల్లు అద్దెకిస్తారు. అద్దెకు వచ్చేవాళ్లకు బండి పెట్టుకోవడానికి పెరట్లో సగం సిమెంటు చేయించాలట. నూతి పక్క కాలవే ముందు పోతుంది. ఆ మాట చెప్పేటప్పుడు దొడ్డమ్మ గొంతులో ఫిర్యాదేమీ లేదు. “అక్కడ మూడో అంతస్తట. ఎండొస్తుందో లేదో కనుక్కోవే,” అని మాత్రం అడిగింది.

కనుక్కున్నాను. తూర్పు వైపు బాల్కనీ ఉంది, పొద్దుటి ఎండ పడుతుంది. నిమ్మగడ్డి పిలకలు తడిగుడ్డలో చుట్టి రెండు మూటలు కట్టాం. ఒకటి భువనేశ్వర్ వెళ్లింది, రెండోది భిలాయి వచ్చింది. మాది నాటుకుంది. అయితే మొక్కల్ని మూట కట్టినంత తేలిగ్గా ఆవిడ తలలో ఉన్నదాన్ని మూట కట్టలేం. నోటుబుక్కులో ఇప్పటికి పద్నాలుగు పేర్లే ఉన్నాయి. దొడ్డమ్మకు తెలిసినవి ఇంకా ఎన్నో ఉన్నాయి. అందుకని ఆదివారాలు ఫోనులో అమ్మాయి ఒక ఆకు గురించి అడుగుతుంది, ఆవిడ చెబుతుంది. ఇలా వారానికొకటి.

మీ ఇళ్లలోనూ ఇలాంటి పెద్దలు ఉండే ఉంటారు. గుడారిలో కాకపోతే బరంపురంలో, ఖరగ్‌పూర్లో, జగదల్‌పూర్లో. ఈ వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్లండి. వెళ్లలేకపోతే ఫోను చెయ్యండి. ఆకునీళ్లు ఎలా కుదిరాయో తరువాత చెబుదురు గాని, ముందు ఒక ఆకు పేరు అడిగి రాసి పెట్టుకోండి.