మంచానికే పింఛను

ఫిజియోథెరపిస్టులు పేరుకు ముందు ‘డాక్టర్’ అని పెట్టుకోవచ్చా కూడదా అన్న గొడవ మీద రాయమన్నారు ఎడిటర్. ఆ గొడవ ఢిల్లీది. నేను మాత్రం పల్నాడు జిల్లా మాచవరం వెళ్లాను. దూరపు వరసకు బాబాయి ఒకాయన అక్కడ పక్షవాతంతో మంచం పట్టి రెండో ఏడు నడుస్తోంది. ఈమధ్య పిడుగురాళ్ల నుంచి ఒకమ్మాయి స్కూటీ మీద వచ్చి కసరత్తులు చేయిస్తోందని తెలిసి, ముందు ఆ పనేమిటో చూద్దామనుకున్నాను.

వచ్చీ రాగానే ఆ అమ్మాయి మంచం మీద విరుచుకుపడింది. “నులక మంచం తీసెయ్యమన్నానా లేదా? ఇందులో కూలబడితే నడుం ఎట్టా నిలబడుద్ది?” పిన్ని ఏదో సర్దిచెబుతూ బాబాయిని లేపడానికి పడిపోయిన చెయ్యే పట్టుకుంది. “ఆ చెయ్యి లాగమాకు పిన్నీ, పట్టు లేని భుజం, కీలు జారిద్ది” అని చటుక్కున ఆపి, తన చెయ్యి ఆయన జబ్బ కిందుగా వీపుకు పోనిచ్చి, చెక్కబల్ల మీదికి చేర్చింది.

తర్వాత పాదం పట్టింది. మడమను అరచేతిలోకి తీసుకుని, ముంజేతిని అరికాలికి బారుగా ఆనించి, ఒంటి బరువుతో మెల్లగా ముందుకు వాలింది. పిక్క బిగుసుకుని ఎదురు తిరిగిన చోట ఆగింది. కొంత సడలాక ఇంకాస్త వాలింది. నోటితో లెక్కపెడుతూనే ఉంది, కళ్లు మాత్రం ఆయన మొహం మీదే. నొప్పి ఎక్కడ మొదలవుతుందో ఆయన చెప్పక ముందే ఆమెకు తెలిసిపోతోంది. ఇంత నెమ్మదైన పనిని ఈమధ్య నేను ఏ ఆస్పత్రిలోనూ చూడలేదు.

“కరెంటు పెట్టవా డాక్టరమ్మా?” అన్నాడు బాబాయి. టౌనులో ఎవరో పెడుతున్నారని విన్నాడట. “కరెంటు ఒక్కటే నడిపించదు బాబాయ్. ముక్కు కాలివేళ్ల మీదికి రావాలి, అప్పుడు లెగు.” ఆయన ముందుకు వంగాడు. లేచాడు. నాలుగైదు క్షణాలు నిలబడి, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత పని చేతికి. పళ్లెం నిండా తాలు మిరపకాయలు పోసి తొడిమలు తీయమంది. బొటనవేలూ చూపుడువేలూ కలవడం లేదు. కాయ జారుతోంది, తిడుతున్నాడు, మళ్లీ పడుతున్నాడు. బతుకంతా మిరప చేలో గడిపిన మనిషికి రబ్బరు బంతి ఇస్తే ఇంత పంతం వచ్చేదా?

“మొదటి మూడు నెలల్లో పిలిచుంటే ఇంకా చాలా వచ్చేది సార్” అంది చేతులు కడుక్కుంటూ. ఆ నెలలు నాటుమందులకూ పావురం నెత్తురుకూ పోయాయి. మెదడు కొత్త దారులు వేసుకునేది ఎక్కువగా ఆ తొలినాళ్లలోనే. తర్వాత రాదని కాదు, చాలా కష్టపడితే కొంచెం వస్తుంది.

ఆమె వసారాలోకి వచ్చాక బాబాయి కొడుకు గొంతు తగ్గించి అన్న మాట నా చెవిన పడింది. “మరీ బాగా నడిపించమాకమ్మా. లెగిసి తిరిగితే పదిహేను వేలు కాస్తా ఆరు వేలవుద్ది.”

నాకు ముందు కోపం వచ్చింది. లెక్క చూస్తే అతణ్ని తప్పుపట్టలేకపోయాను. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి నెలకు 5,000 ఉన్న పింఛను 2024 జులై నుంచి 15,000 అయింది. మామూలు దివ్యాంగుల పింఛను 6,000. 2025 జనవరి నుంచి డాక్టర్ల బృందాలు ఇళ్లకొచ్చి, ఎవరు నిజంగా మంచంలో ఉన్నారో చూశాయి. అనర్హుల్ని ఏరేయాల్సిందే, కాదనను. పింఛను పెంచడమూ మంచిదే. కానీ ఆ తనిఖీకి వచ్చిన బృందంతో పాటు ఆ మనిషిని లేపగల వాళ్లను ఒక్కరినైనా పంపామా? మంచంలో ఉన్నందుకు నెలనెలా సొమ్ము ఇస్తూ, లేచే ప్రయత్నానికి మాత్రం ఆ ఇంటివాళ్ల జేబే గతి అన్నాం. ఆ అమ్మాయి పూటకు 300 తీసుకుంటుంది. ఒక నెల పింఛను యాభై పూటల కసరత్తు. ఆ యాభై పూటలు మొదట్లోనే అందితే కొందరికి ఆ పింఛనే అక్కర్లేకపోవచ్చు.

ఇంటి ముంగిటికి వైద్యం రాదని కాదు. ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం 2023 ఏప్రిల్ 6న మొదలైంది ఈ పల్నాడు జిల్లా లింగంగుంట్లలోనే. 104 బండి ఊళ్లోకి వస్తుంది, బీపీ చూస్తుంది, షుగరు మాత్రలిస్తుంది. బడి పిల్లలకైతే సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపీ ఉంది. పడిపోయిన పెద్దవాళ్లకే ఎవరూ లేరు. పక్కన తమిళనాడును చూడండి. 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లాలో మొదలుపెట్టిన ‘మక్కళై తేడి మరుత్తువం’లో మాత్రలతో పాటు ఫిజియోథెరపిస్టు కూడా ఇంటికి వెళ్తారు. అదేమీ ఎక్కడో ఉన్న ధనిక దేశం కాదు, మన పొరుగు రాష్ట్రమే.

మన దేశంలో ఫిజియోథెరపీ చదువు 1950ల్లో ముంబై కేఈఎం ఆస్పత్రిలో పోలియో పిల్లల కోసం మొదలైంది. 2014లో పోలియో పోయిందని ధ్రువపత్రం కూడా వచ్చింది. ఇప్పుడు పల్లెల్లో కాళ్లు పడిపోతున్నది బీపీ చూపించుకోని పెద్దవాళ్లకు. రోగం మారింది, పోస్టులు మాత్రం చాలావరకు పెద్దాస్పత్రి గడప దాటలేదు.

ఇక ఎడిటర్ గారడిగిన గొడవ. 2021లో పార్లమెంటు చట్టం చేసి ఈ వృత్తితో పాటు ఇలాంటి ఇతర ఆరోగ్య వృత్తులకూ కలిపి జాతీయ కమిషన్ పెట్టింది. 2025 ఏప్రిల్లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక ‘డాక్టర్’ పెట్టుకోవచ్చంది. సెప్టెంబరు 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ కూడదని లేఖ రాశారు. మర్నాడే వెనక్కి తీసుకున్నారు. నా ఓటు పెట్టుకోమనే, చివర పీటీ (ఫిజియోథెరపిస్టు) అని కూడా ఉంటే ఎవరూ మోసపోరు. ఇదే ఆ అమ్మాయినడిగితే స్కూటీ తాళం తిప్పుతూ, “నాలుగున్నరేళ్లు చదివాను సార్. పేరు ముందు ఏముంటే ఏం, ఈ మండలంలో నాకు పోస్టేది?” అని, ఇంకో ఇంటికి ఆలస్యమవుతోందని వెళ్లిపోయింది.

ప్రభుత్వ పెద్దలకు నా మనవులు రెండే. మాచవరం వచ్చే 104 బండిలో ఫిజియోథెరపిస్టుకు ఒక సీటు వేయండి. లేచి నిలబడ్డ మనిషికి కనీసం ఒక ఏడాది పాత పింఛనే కొనసాగించండి, లేవడానికి భయపడకుండా.