రోగి కూడా మన నాడి చూస్తాడు

వైద్యంలో భద్రత అనగానే మనకు స్ఫురించేవి శుభ్రమైన సూది, సరైన మోతాదు, గ్రూపు సరిపోయిన రక్తం. వైద్య కళాశాలలో మాకు బోధించినవీ అవే. వీటి సరసన చేర్చవలసిన మరొక భద్రత ఉన్నదని డెబ్బై ఏళ్లు దాటిన తరువాత తెలుసుకున్నాను. దాని పేరు సాంస్కృతిక భద్రత.

మా అక్కయ్యగారి మనవరాలు కెనడాలో నర్సుగా పనిచేస్తున్నది. ఆదేశపు మూలవాసుల చరిత్ర, వారితో మెలగవలసిన తీరు గురించి తనకు ఇచ్చిన శిక్షణను ఫోనులో వివరిస్తూ, “తాతయ్యా, ఇవి మీకు కాలేజీలో చెప్పారా?” అని అడిగింది. చెప్పలేదు. అందుకే చదవడం మొదలుపెట్టాను.

ఈ భావన పుట్టినది న్యూజిలాండులో. 1980ల చివరలో మావోరీ నర్సు ఇరిహపేటి రామ్స్‌డెన్ దీనికి రూపు కల్పించారు. 1992లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ దీనిని నర్సుల విద్యలో భాగం చేసింది. మావోరీల ఆచారాల పట్టిక కంఠస్థం చేసినంత మాత్రాన చాలదని ఆమె వాదించారు. నర్సు ముందుగా తన అభిప్రాయాలను, తన చేతిలోని అధికారాన్ని పరిశీలించుకోవాలి. అందిన సేవ సురక్షితమా కాదా అన్న తీర్పు మాత్రం సేవ పొందినవారిదే. ఈ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. రోగి నాడిని మేము చూస్తాము. మా నాడిని రోగి కూడా చూస్తాడన్న ఊహ మా చదువులో లేదు.

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయమనుకుంటే పొరపాటు. 2008 సెప్టెంబరులో కెనడాలోని విన్నిపెగ్‌లో బ్రయాన్ సింక్లెయిర్ అనే 45 ఏళ్ల మూలవాసి మూత్రపు గొట్టం ఇబ్బందితో చక్రాల కుర్చీలో అత్యవసర విభాగానికి వచ్చాడు. రెండు కాళ్లూ లేని మనిషి. తాగి ఉన్నాడనో, తలదాచుకోవడానికి వచ్చాడనో సిబ్బందిలో కొందరు అనుకున్నారు. 34 గంటల తరువాత కుర్చీలోనే చనిపోయి కనిపించాడు. కారణం యాంటీబయాటిక్ మందులకు లొంగే మూత్రాశయపు ఇన్ఫెక్షన్.

2020 సెప్టెంబరు 28న క్యూబెక్‌లో అటికమెక్ తెగకు చెందిన జాయిస్ ఎచాక్వాన్, ఏడుగురు బిడ్డల తల్లి, తనను సిబ్బంది దూషిస్తుండగా ఫోనులో ప్రత్యక్ష ప్రసారం చేసి, ఆ రోజే మరణించింది. మత్తు పదార్థాలు మానినందువల్ల కలిగిన బాధగా ఆమె బాధను లెక్కగట్టారు. అసలు కారణం ఊపిరితిత్తులలో నీరు చేరడం. జాతి వివక్ష ఆ మరణానికి దోహదం చేసిందని కరోనర్ విచారణ తేల్చింది.

వైద్యుడిగా నాకు ఇందులో రెండు ప్రమాదాలు కనిపిస్తాయి. రోగిపై ముందే ముద్ర వేస్తే ప్రశ్నలు అడగడం, పరీక్షించడం అక్కడితో ఆగిపోతాయి. అవమానం పొందినవాడు మరోసారి గడప తొక్కడు. జబ్బు ముదిరిన తరువాతనే వస్తాడు. పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి వసతి పాఠశాలల్లో పెట్టిన చరిత్ర ఉన్న చోట ఆ భయం మరింత లోతుగా ఉంటుంది. అందుకే 2015లో కెనడా సత్య, సయోధ్య కమిషన్ తన 94 సూచనలలో ఈ చరిత్రను వైద్య, నర్సింగ్ విద్యార్థులకు తప్పనిసరిగా బోధించాలని కోరింది.

మన్యంలో నేను పనిచేసిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కోయ భాష తెలిసిన ఆయమ్మ ఒకామె ఉండేది. ఆమె ఉన్న రోజున గర్భిణులు బారులు తీరేవారు. సెలవు పెడితే వరండా బోసిపోయేది. మందులు అవే, డాక్టరూ అతడే. తమ మాట వినేవారు ఒకరున్నారన్న ధైర్యమే వారిని నడిపించేదని ఇప్పుడు అర్థమవుతున్నది.

విదేశాల్లో పనిచేస్తున్న మన తెలుగు డాక్టర్లు, నర్సులు ఇటువంటి శిక్షణను తప్పించుకోలేని తంతుగా భావించవద్దని నా మనవి. ఇక్కడున్నవారు ఒక చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న యువకుణ్ణి ‘మీరు’ అని, కొండ దిగి వచ్చిన ముసలమ్మను ‘నువ్వు’ అని పిలుస్తున్నామా? చెప్పింది ఆమెకు తెలిసిన భాషలో అర్థమైందా? మా వద్దకు మళ్లీ రావడానికి మీకేమైనా జంకు ఉన్నదా అని ఎప్పుడైనా అడిగామా? వీటికి ఖర్చు లేదు. ఆమె చెప్పే జవాబును ఓపికగా వినడమే అందులోని కష్టం.