పిండికి గడియారం తెలియదు

బ్రెడ్ మేకర్‌లో రొట్టె ఉబ్బినట్టే ఉబ్బి, కాలే వేళకు నడినెత్తిన గుంటపడితే చాలామంది మొదట అనుమానించేది ఈస్ట్‌నే. పాతబడిందేమోనని మర్నాడు మరో అర స్పూను వేస్తారు. రొట్టె ఇంకా లోతుగా కుంగుతుంది. మన వేసవి వంటింట్లో తరచుగా జరిగేది దీనికి తలకిందులు: ఈస్ట్ చాలకపోవడం కాదు, అతిగా పనిచేయడం. ముద్ద 25–27 డిగ్రీల దగ్గర ఉంటే నింపాదిగా పులుస్తుంది. గదే 38 డిగ్రీలుంటే, మేడమీది ట్యాంకు నీళ్లు కూడా వేడెక్కి ఉంటే, కలిపే రాపిడికి ముద్ద మరికాస్త కాగుతుంది. యంత్రం మాత్రం పొంగుకు కేటాయించిన నిమిషాలన్నీ గడిచేదాకా కాల్చడం మొదలుపెట్టదు. ఈలోగా గ్లూటెన్ వల సాగినంతా సాగి, గాలిని పట్టి ఉంచలేని స్థితికి వస్తుంది. వేడి తగలగానే కూలుతుంది.

ఇది మనకు తెలియని విద్య కాదు. రాత్రి రుబ్బిన ఇడ్లీపిండి మే నెలలో తెల్లారేసరికి గిన్నె దాటి పొర్లుతుంది, పుష్యమాసంలో కదలనే కదలదు. ఇడ్లీ చేసే ఏ ఇంట్లోనూ రెండు కాలాలకూ ఒకే లెక్క ఉండదు. రొట్టె దగ్గరికొచ్చేసరికి ఆ తెలివిని పక్కనపెట్టి యంత్రంతో వచ్చిన పుస్తకాన్ని నమ్ముతాం. వేసవిలో ఫ్రిజ్‌లోని చల్లని నీళ్లు పోసి, ఈస్ట్ పావువంతు తగ్గిస్తే చాలావరకు గుంట మాయమవుతుంది. ఉప్పు మాత్రం తగ్గించకూడదు. అరకిలో పిండికి తొమ్మిది, పది గ్రాములు ఉండాలి. అది రుచికే కాదు, ఈస్ట్‌కు కళ్లెం కూడా.

ఖరీదైన యంత్రాల్లో ఉష్ణోగ్రతను కనిపెట్టే ఏర్పాటు ఉంటుంది కదా అనవచ్చు. ఉంటుంది, కానీ ఇళ్లలో వాడే ఆ యంత్రానికి వేడిచేసే తీగ ఉంది గానీ చల్లబరిచే సాధనం లేదు. చలికాలంలో అది మనల్ని ఆదుకోగలదు, ఎండాకాలంలో కాదు. ఇంత కనిపెట్టుకుని ఉండాలంటే యంత్రం ఎందుకన్నది ఇంకో ప్రశ్న, అది న్యాయమైనదే. జపాన్‌లో మత్సుషిత సంస్థ 1987లో ఇంటి రొట్టె యంత్రాన్ని మార్కెట్లోకి తేకముందు, ఆ సంస్థ ఉద్యోగి ఇకుకో తనాకా ఒసాకాలోని ఒక హోటల్లో ప్రధాన రొట్టెగాడి దగ్గర పిండి కలపడం నేర్చుకున్నారు. పిండిని సాగదీసి మెలితిప్పే ఆయన ఒడుపు యంత్రంలోకి ఎక్కింది. ఆ శ్రమంతా మనకు తప్పింది. ముద్దను ఒకసారి చూసే పని మాత్రం మిగిలింది.

ఆ చూపు కలపడం మొదలైన పది నిమిషాలకు పడాలి. ముద్ద గిన్నె అంచుల్ని వదిలి, చపాతీ ముద్దకన్నా మెత్తగా, వేలికి కాస్త అంటాలి. పొడిగా ఉంటే స్పూను చొప్పున నీళ్లు, జారుగా ఉంటే పిండి. ఇటుకలాంటి రొట్టెలకు మూలం తరచుగా ఇక్కడే. మైదాకు రాసిన కొలతనే గోధుమపిండికి వాడతాం. తిరగలి ఒత్తిడికి నలిగిన గంజి, దానితోపాటు తవుడు, నీటిని ఎక్కువ తాగుతాయి. అరకిలో మైదాకు 300 మిల్లీలీటర్లు సరిపోతే, గోధుమపిండికి 350 దాటవచ్చు. పిండిని కప్పుతో కాక కాటాతో తూచాలి. కప్పులో కుక్కిన పిండి, జల్లించిన పిండి ఒక్కటి కావు. మూత తెరిస్తే రొట్టె పాడవుతుందన్న భయం కాల్చే దశలో నిజం, కలిపేటప్పుడు కాదు.

రాత్రి టైమరు పెట్టి పడుకునేవారు వేసవిలో పాలు, గుడ్లు వేయకండి. పాలపొడి వాడండి. నీళ్లు అడుగున పోసి, పైన పిండి కప్పి, ఆ పొడిపిండి నడుమ గుంటలో ఈస్ట్ వేయండి, తడి తగలకుండా.