అడక్కుండా వేసిన పంచదార

మా ఇంట్లో ఒక అలవాటుంది. ఎవరొచ్చినా కాఫీలో రెండు చెంచాల పంచదార పడాల్సిందే. "నాకు వద్దండీ" అని వాళ్ళు నోరు తెరిచి చెబితే తప్ప ఆగదు. మొహమాటస్థులు గుటకలు మింగేసి, ఇంటికెళ్ళి షుగరు మాత్ర వేసుకుంటారు కాబోలు!

కంప్యూటర్లో దీన్నే 'డిఫాల్ట్' అంటారని ఈ మధ్యే తెలిసింది. బి.ఏ. చదివి నవలలు రాసుకునే నాకు ఆ గొడవెందుకంటారా? చెబుతాను.

మా కాలనీ మహిళా మండలి సభ్యుల వివరాలు ఓ పాత నోటు పుస్తకంలో వున్నాయి. "రచయిత్రివి కదా, రాయడం నీకో లెక్కా!" అంటూ వాటిని కంప్యూటర్‌కి ఎక్కించే పని నాకు అంటగట్టారు. మా మేనల్లుడు యాక్సెస్‌లో ఓ టేబులూ, పైన చూడముచ్చటైన ఫారమూ తయారుచేసి పెట్టాడు. పేరు కొట్టి, టాబ్ నొక్కుకుంటూ పోవడమే. కొత్త రికార్డు తెరవగానే చేరిన తేదీ గడిలో ఆనాటి తేదీ, వివాహం గడిలో 'వివాహిత' అన్న మాట సిద్ధంగా వుండేవి.

"నీకు శ్రమ తగ్గుతుందని పెట్టానత్తయ్యా" అన్నాడు. మురిసిపోయాను. మూడు మధ్యాహ్నాల్లో 180 మందినీ ఎక్కించేశాను.

మొదటి తమాషా తేదీలది. 1998లో మండలి పెట్టినావిడ కూడా మొన్న మంగళవారమే చేరినట్టు వచ్చింది! అందరం నవ్వుకున్నాం.

రెండోది నవ్వే విషయం కాదు. సంక్రాంతి విందుకి 'వివాహిత' అని వున్న అందరికీ 'దంపతులు విచ్చేయవలెను' అంటూ కార్డులు వెళ్ళాయి. వెనక వీధిలో రిటైరైన టీచరుగారున్నారు. వాళ్ళాయన పోయి ఏడాది కూడా కాలేదు. ఆవిడ కార్డు పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మాయ్, నన్నొక్కదాన్నే రమ్మన్నావా, ఇద్దర్నీ రమ్మన్నావా?"

గొంతులో కోపం లేదు. వుంటే బాగుండేది. ఆవిడ వెళ్ళాక నోటు పుస్తకం తీసి చూశాను. ఆ సంగతి పెన్సిలుతో రాసే వుంది. గడి నిండుగా కనిపిస్తూంటే పుస్తకం వంక ఎవరు చూస్తారు?

ఆ రాత్రే మేనల్లుణ్ణి పిలిచాను. టేబుల్లో ఆ డిఫాల్ట్ తీసేశాడు. కొత్త రికార్డు తెరిస్తే మళ్ళీ 'వివాహిత' ప్రత్యక్షం! దయ్యమేమో అనుకున్నాను. ఫారంలోని గడికి విడిగా మరొకటి రాసి మరిచిపోయాడట. రెండు చోట్లా వుంటే ఫారం మాటే నెగ్గుతుందిట. అదీ తీసేశాక గడి ఖాళీగా వచ్చింది.

"హమ్మయ్య! ఎక్కించినవి కూడా సరిపోయినట్టేగా?"

"లేదత్తయ్యా. డిఫాల్ట్ మార్చినా ఇకమీదట చేర్చేవాటికే. పాతవాటి జోలికి పోదు."

"పోనీ, అది వేసినవి మాత్రం ఏరి తుడిచెయ్యరా."

వాడు తల గోక్కున్నాడు. "నువ్వు చూసి వుంచిందీ, చూడకుండా వదిలేసిందీ టేబుల్లో ఒకేలా వుంటాయి. తేడా దానికెలా తెలుస్తుంది?"

ఆ మాటకి నా నోరు పడిపోయింది. ఖాళీ గడి అయితే "కనుక్కోండి" అని అడుగుతూనే వుంటుంది. నిండిన గడి అబద్ధమైనా మనకి అనుమానమే రానివ్వదు. బకాయి గడిలో సున్నా వుంటే చందా కట్టేసిందనే అనుకుంటాం. అసలు ఎవరూ అడగనేలేదని ఎవరికి తోస్తుంది?

అలాగని డిఫాల్టులన్నీ చెడ్డవని కాదు సుమండీ! ఊరి పేరు గడిలో మా ఊరి పేరు వుంచేశాం, అందరిదీ అదే గనక. ఇక కొత్తగా చేరేవాళ్ళే గనక ఆనాటి తేదీ కూడా వుంచాం. మనిషిని అడిగితే గాని తెలియనివాటికి మాత్రం తీయించేశాను. ఆ గడి నింపందే రికార్డు భద్రం కాకుండా వాడు కట్టడి చేశాడు. 'చెప్పడం ఇష్టం లేదు' అన్న మాట కూడా అందులో చేర్పించాను.

తరవాత నోటు పుస్తకం చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. మూడు మధ్యాహ్నాల పని మూడు వారాలైంది. మొదట టీచరుగారింటికే వెళ్ళాను. ఆ గడి దగ్గర ఆవిడ కాస్సేపు ఆగారు.

"చెప్పడం ఇష్టం లేదని రాసుకో అమ్మా."

అలాగే రాసుకున్నాను.

మర్నాడు ఆవిడ మా ఇంటికొచ్చారు. కాఫీ కలపబోతూ, చెంచా చేతిలోనే ఆపి అడిగాను.

"పంచదార ఎంత వెయ్యమంటారండీ?"

"అసలు వద్దమ్మా" అన్నారు, నవ్వుతూ. "ఇన్నేళ్ళకి అడిగావు!"