బోర్డు మారింది, బుద్ధి వచ్చింది

2025 సంక్రాంతికి తెనాలి వెళ్ళి బ్యాగు కింద పెట్టానో లేదో, నాన్న "బాక్సు పోయిందిరా" అన్నారు. మంచినీళ్ళు కూడా తాగనివ్వలేదు.

బాక్సు అంటే టీవీ కింద ఉండే మీడియా ప్లేయరు. 2016లో, నేను ఇంజనీరింగ్ రెండో ఏడులో ఉండగా కొన్నది. లోపల ఒక టెరాబైటు హార్డ్‌డిస్కు, పైన కోడి. (2014లో ఎక్స్‌బీఎంసీ అన్న పేరు తీసేసి కోడి అని పెట్టిన మహానుభావులకి తెలుగు వచ్చో రాకో గానీ, మా ఇంట్లో "కోడి కూసిందా?" అంటే బాక్సు ఆన్ అయిందా అని అర్థం :-))

ముందు రోజు రాత్రి కరెంటు పోయి వచ్చిందట. అప్పట్నుంచీ లైటు కూడా వెలగటం లేదు. "పాతదే కదా నాన్నా, మూడు నాలుగు వేలు పెడితే కొత్తది వస్తుంది, పారేద్దాం" అన్నాను తేలిగ్గా.

"మరి మీ అమ్మమ్మ?" అన్నారు నాన్న.

అమ్మమ్మ 2009లో పోయింది. ఆవిడ పాడిన మంగళహారతులు, పెళ్ళిపాటలు, మధ్యమధ్యలో మా మీద తిట్లు... మొత్తం 43 క్యాసెట్లు. రిటైరయ్యాక నాన్న టేపురికార్డరు నుంచి కంప్యూటరుకి వైరు కలిపి, ఒక్కొక్కటే ఎక్కించారు. గంట క్యాసెట్టుకి గంట కూర్చోవాల్సిందే, షార్ట్‌కట్టేం లేదు. తరవాత బూజు పట్టిన క్యాసెట్లు పారేశారు, కంప్యూటరు అమ్మేశారు. మిగిలింది ఆ డిస్కు ఒక్కటే.

బ్యాకప్పు తీయకుండా డేటాబేసు ముట్టుకున్నాడని ఆఫీసులో ఒక కుర్రాడికి అరగంట క్లాసు పీకినవాణ్ణి నేను. సొంత ఇంట్లో తొమ్మిదేళ్ళు ఒక్క కాపీ తీయలేదు.

వీధి చివర ఎలక్ట్రీషియన్ దగ్గర మల్టీమీటరు తెచ్చి చూశాను. అడాప్టరు 12 వోల్టులూ ఇస్తోంది. బోర్డు మీద 5 వోల్టులు రావాల్సిన చోట సున్నా, పక్కనే నల్లటి మచ్చ. రెగ్యులేటరు ఒక్కటే పోయిందా, పోతూ పోతూ ప్రాసెసర్నీ వెంటబెట్టుకెళ్ళిందా తెలీదు. అసలు భయం అది కాదు. పెద్ద సైజు హార్డ్‌డిస్కుకి 12, 5 వోల్టులు రెండూ కావాలి, రెండూ ఆ బోర్డులోంచే వెళ్తాయి. అదీ కాలిపోయి ఉంటే?

డిస్కుని తువ్వాల్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని హైదరాబాదు వచ్చాను. డాక్‌లో పెట్టి ల్యాప్‌టాప్‌కి కలిపితే గిర్రున తిరిగింది. హమ్మయ్య అనుకునేలోపే విండోస్ "ఫార్మాట్ చేస్తే తప్ప వాడలేరు, చేయమంటారా?" అంది! డిస్కు లినక్సు పద్ధతిలో ఉంది, విండోస్‌కి ఆ భాష రాదు, అంతే. కానీ ఆ చోట నాన్న ఉండి ఉంటే? లేదా హడావిడి మెకానిక్ ఎవడైనా? ఒక్క క్లిక్కు. లినక్సులో తెరిచి, ముందు మొత్తం కాపీ తీశాకే బోర్డు సంగతి ఆలోచించాను.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు షాపులు తిరిగితే నాలుగింటిలోనూ ఒకటే మాట. "అన్నా, ఇది పాత మాల్. కొత్తది తీస్కో." ఐదో షాపులో అదే మోడల్ బాక్సు దొరికింది. మూత పగిలింది, బోర్డు బతికే ఉంది. పన్నెండొందలు.

మార్చడం గంట పని. ముందు ఫోన్లో ఫొటోలు తీసుకున్నా, ఏ వైరు ఎక్కడిదో తరవాత గుర్తుండదు కదా. వైఫై యాంటెన్నా కనెక్టర్లు ఆవగింజంత, నిటారుగా పైకి లాగాలి, పక్కకి వంచితే ఊడొస్తాయి. హీట్‌సింకు కింద మెత్తటి ప్యాడు చిరిగితే అంతే మందం ఉన్నదే వెయ్యాలి, పేస్టు పూస్తే ఆ సందు నిండదు.

ఆన్ చేశాక ఇంకో వింత. ఎవరిదో అకౌంటు, ఎవరి పిల్లలో సగం చూసిన కార్టూన్లు! బాక్సులో సెట్టింగులుండే మెమరీ బోర్డుకే అతికి ఉంటుంది, పాత యజమాని చెరపలేదు. వెంటనే రీసెట్ చేసేశాను. మీరు పాత సామాను అమ్మేటప్పుడు మాత్రం మర్చిపోకండి. బోర్డు మారితే మ్యాక్ అడ్రసూ మారుతుంది, సినిమా యాప్‌లు కూడా ఇది కొత్త బాక్సనుకుని మళ్ళీ లాగిన్ అడుగుతాయి. నాన్న తొమ్మిదేళ్ళ ప్లేలిస్టులు కూడా పాత బోర్డుతోనే పోయాయి. వాటికి ఆయనేం బాధపడలేదు.

ఫిబ్రవరిలో తీసుకెళ్ళి తగిలించాను. మొదటి ఫైల్లోనే హారతి మధ్యలో ఆపి, "ఆ మిషను కట్టెయ్యవయ్యా, చారు పొంగిపోతోంది" అంది అమ్మమ్మ. వంటింట్లోంచి అమ్మ గరిటె చేత్తోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఎవరం ఏం మాట్లాడలేదు.

ఇప్పుడు మూడు కాపీలున్నాయి. ఒకటి బాక్సులో, ఒకటి నా దగ్గర, ఒకటి వైజాగ్‌లో అక్క దగ్గర. మీ ఇంట్లో ఒకే ఒక్క చోట ఉన్నదేంటో ఈ ఆదివారం ఓసారి చూసుకోండి. నాకులా సంక్రాంతి దాకా ఆగకండి.