హాకీ కర్రకు క్రొత్త బ్లేడు

హాకీ యనగానే మన విద్యార్థులకు పచ్చిక మైదానమును, ధ్యాన్‌చందును, 1928 మొదలుకొని ఒలింపిక్ పోటీలలో మన దేశము గెలుచుకొనిన బంగారు పతకములును జ్ఞప్తికి వచ్చును. కెనడా దేశపు బాలునికో, ఆ మాట వినినంతనే గడ్డకట్టిన చెరువు కన్నులకు కట్టును. అచ్చట శీతకాలము దీర్ఘమైనది. నీరు రాతివలె గట్టిపడగానే పిల్లలు ఉక్కు అంచులుగల బూట్లు తొడిగికొని, మంచుపై జారుచు, బంతికి బదులు నల్లని రబ్బరు బిళ్ళను తరుముదురు. మన లడఖ్‌లోను ఈ ఆట కలదు. ‘పక్’ అని పిలువబడు ఆ బిళ్ళ 3 అంగుళముల అడ్డుకొలత, 1 అంగుళము మందము కలిగి, సుమారు 160 గ్రాముల బరువుండును. చూచుటకు చిన్నదే, ఆరితేరిన ఆటగాడు కొట్టినచో గంటకు 160 కిలోమీటర్లకు మించిన వేగముతో దూసికొనిపోవును. ఆ దెబ్బ యంతయు కర్రయే భరింపవలెను.

ఆ కర్రకు రెండు భాగములు: చేత పట్టుకొను పొడవైన కాడ, మంచును రాచుకొనుచుండెడి బ్లేడు. బ్లేడనగానే క్షురకుని కత్తి యనుకొనరాదు. ఇది అరచేతి వెడల్పుగల చదునైన పలక మాత్రమే. పూర్వము ఈ రెండును ఒకే మ్రానినుండి చెక్కబడుచుండెను. నోవాస్కోషియా ప్రాంతమున నివసించు మిక్‌మాక్ జాతివారు 19వ శతాబ్దిలో ఈ పనికి ప్రసిద్ధులు. చెట్టు మొదలు వేరుగా వంపు తిరుగు చోటు నెన్నుకొని, కొయ్యలోని నారపోగులు ఆ వంపు ననుసరించి సాగునట్లు వారు చెక్కెడివారు. అట్టి కర్ర దృఢమైనదే. కాని బ్లేడు విరిగెనా, మొత్తము పొయ్యి పాలే. తరువాతి కాలమున కాడను, బ్లేడును వేరువేరుగా చేసి జిగురుతో అతుకసాగిరి. ఆ యతుకు శాశ్వతమైనది గావున విరిగినప్పటి గతి మారలేదు.

నిజమునకు కర్రలో ముందుగా చెడునది బ్లేడే. అది మంచును గీకును. ఎదుటివాని కర్రతో పోరాడును. పాదరక్షల ఉక్కు అంచుల క్రింద నలుగును. కొయ్యదైనచో తడి లోనికి దిగి మెత్తబడును. కాడకు ఇన్ని బాధలు లేవు. పైగా అది ఆడువాని ఎత్తునకు తగినట్లు కోయబడి, పైకొసన గుడ్డపట్టీ చుట్టబడి, వాని చేతికి అలవాటుపడినది. అరిగెడి దానితోబాటు అరుగని దానిని కూడ పారవేయుట మన రైతునకు వింతగా తోచును. కర్రు అరిగినచో అతడు కమ్మరి కొలిమికి పోవునే గాని నాగలిని పారవేయడు.

మంచు హాకీకి ఈ తెలివి ఆలస్యముగా వచ్చినది. అల్యూమినియము గొట్టమును కాడగా చేసి, కొయ్య బ్లేడును దాని కొసన దూర్చెడి పద్ధతి 1980 దశకమున వ్యాపించెను. 1990 ప్రాంతమున వేన్ గ్రెట్జ్‌కీ యంతటి మేటి ఆటగాడు కొయ్యకర్రను విడిచి అల్యూమినియము కర్రను చేపట్టగా, పిల్లలందరును దానినే కోరసాగిరి.

బ్లేడు మార్చుట కష్టమైన విద్య కాదు. తొందరపడువానికి మాత్రము అది లొంగదు. బ్లేడు పైకొస నలుపలకలుగా చెక్కబడి గొట్టములో ఇమిడియుండును. నడుమ వేడికి కరగి, చల్లారగానే గట్టిపడు జిగురుండును. లక్క కరగించి కత్తికి పిడి బిగించుటను చూచినవారికి ఇందలి కిటుకు వేరుగా చెప్పనక్కరలేదు. వేడిగాలి విడుచు యంత్రమును కాడ చివరకు చూపి, కాడను నాలుగు వైపులకు త్రిప్పుచు కాచవలెను. కార్బన్ నారతో చేసిన కాడయైనచో మరింత జాగ్రత్త వలయును. ఒకేచోట వేడి నిలిచినచో నారలను బంధించియుంచు రెజిను చెడి కాడ బలము తగ్గును. జిగురు మెత్తబడిన పిమ్మట దళసరి గుడ్డతో పట్టుకొని, పాత బ్లేడును అటునిటు కదల్చుచు లాగినచో ఊడివచ్చును. కాడ అంచుకు సరిగా విరిగి, ముక్క లోపల చిక్కినపుడే అసలు కష్టము. అప్పుడు ఆ ముక్కలోనికి మరమేకును ఎక్కించి, పట్టకారుతో మేకును పట్టి లాగుదురు.

క్రొత్త బ్లేడు కొసకు జిగురు పూసి, వేడిగా నున్నపుడే లోనికి నెట్టి, వడ్రంగివలె ఒక కన్ను మూసి కాడ వెంట చూచి వంకర సరిచేయవలెను. కొంచెము ఒరిగినను పక్ తలచిన దిక్కునకు పోదు. తరువాత చేయవలసినది ఊరకుండుటయే. శనివారము ఉదయము ఆట యున్న బాలునికి ఇదియే దుస్సాధ్యము. జిగురు చల్లారకమునుపే కర్రను తీసికొని పోయినచో ఆట నడుమ బ్లేడు ఊడి మంచుపై ఎగిరిపడును. విరిగిన కర్రను వెంటనే క్రింద విడువక దానితోనే ఆడువానిని రెండు నిమిషములు బయట కూర్చుండబెట్టుదురు.

2000 తరువాత కార్బన్ నారతో కాడయు బ్లేడును ఒకటిగా పోసిన కర్రలు వచ్చి రాజ్యమేలినవి. అవి అరకిలో కూడ తూగవు. పక్ తాకిడి చేతికి స్పష్టముగా తెలియును. మేలైనదాని వెల నేడు 300 డాలర్లు దాటును. వృత్తి క్రీడాకారునికి కర్రలను జట్టే సమకూర్చును గనుక, ఒకటి విరిగినచో బల్లవద్దకు పోయి మరియొకటి అందుకొనును. ఇద్దరు బిడ్డలను ఆటకు పంపెడి సామాన్యునికి ఆ విరుపు చప్పుడు గుండెలో వినబడును. ఒక్క కర్రతో ఋతువంతయు గడుపవలసిన పిల్లవాడు దెబ్బకు జంకి ఆడును. మేటి ఆటగాండ్రకు తగినదెల్ల ఎనిమిదేండ్ల బాలునికి తగునని అంగళ్ళవారు అనుకొనుట విడ్డూరమే. మార్చు బ్లేడులు అంగళ్ళలో తగ్గినవి గాని మాయము కాలేదు. తారురోడ్డుపై ఆడు పిల్లలు పాత కాడకు ప్లాస్టిక్ బ్లేడును మరలతో బిగించి సరిపెట్టుకొందురు, కొయ్య బ్లేడు తారుపై త్వరగా అరిగిపోవును గనుక.

పొదుపరులైన తల్లిదండ్రులు బ్లేడు మాత్రమే విరిగిన ఖరీదైన కర్రలను పారవేయనీయరు. ముక్కునకు గుడ్డ కట్టుకొని, క్రిందిభాగమున సన్నబడినంత మేర రంపముతో కోసివేసి, అంచులను ఆకురాయితో నునుపుచేసి, తగిన కొలతగల బ్లేడును జిగురుతో దించుదురు. కోసినందువలన కాడ కొన్ని అంగుళములు కురుచయగును. అందుకై పైకొసన కొయ్యముక్క నొకదానిని అదే జిగురుతో అతుకుదురు. తమ్ముడు పొట్టివాడైనచో ఆ ముక్కతో పనిలేదు. అన్న విరుగగొట్టిన కర్ర వానికి సరిగా సరిపోవును.